పాత చీరలు, స్వెట్టర్లు, జీన్సుతో నెల రోజుల కుట్టుపని: ఏది ముందు, ఎంత బట్ట?

కుట్టుపెట్టె

ఈ నెలంతా కొత్త బట్ట కొనకుండా కుట్టుపని, క్రోషే చేయాలని ఉంది. పోగైన సరుకు ఇది: నూలు చీరలు నాలుగు (రెండు బాగా మెత్తబడినవి, ఒకటి గంజి పెట్టి దాచింది, ఒకటి ముదురు ఎరుపు), మడతల దగ్గర చిట్లిన పట్టుచీర ఒకటి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న స్వెట్టర్లు మూడు, జీన్సు ప్యాంట్లు రెండు, మగవాళ్ల చొక్కాలు ఐదు, టైలరు షాపువాళ్లు ఇచ్చిన జాకెట్టు కత్తిరింపులు ఒక సంచి.

ఇంట్లో మామూలు తొక్కుడు మిషన్ ఉంది. రోజుకు గంటన్నర కుదురుతుంది. అనుకున్నవి: ఒక మంచానికి సరిపడే బొంత, ఊలుతో ఏదైనా అల్లిక, జీన్సు సంచి, గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా. ఏది ముందు మొదలుపెట్టాలి? బొంతకు రెండు చీరలు చాలుతాయా? సంతలో తెచ్చిన బట్టలకు ఉతుకు ఒక్కటే సరిపోతుందా? లెక్కలతో చెప్పగలిగితే మేలు.

---

పేలికల బుట్ట

కుట్టుపెట్టె గారూ, గంటన్నర చొప్పున నెలకు 45 గంటలు. అందులో సగానికి పైగా బొంతకే పోతుంది. అందుకని బొంత లెక్క ముందు తేల్చుకోండి, మిగతావి దాని కోతలో మిగిలిన ముక్కలతో నడవాలి. నాలుగు పనులకు నాలుగుసార్లు కత్తెర పట్టుకుంటే నెలాఖరుకు చేతిలో ఉండేవి పేలికలే.

ముందు ఉతుకు. సంత బట్టల్ని ఇంటి బట్టలతో కలపకండి. నూలువి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే నల్లులూ వాటి గుడ్లూ చస్తాయి, బట్ట ముడుచుకోవాల్సినంతా ఇప్పుడే ముడుచుకుంటుంది. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. ముడుచుకునే నూలు ముక్క పక్కన ముడుచుకోని పాలిస్టరు చొక్కా ముక్క కుడితే, పూర్తయిన బొంత మొదటి ఉతుకులోనే ఉబ్బులు తేలుతుంది. గంజి చీరను రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టండి. గంజి ఉంటే సూది బిగుసుకుపోతుంది, పురుగుకూ అదే మేత.

ఆరాక చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కుచ్చిళ్లు దోపుకునే చోటా, అడుగు అంచు దగ్గరా నేత పలచబడి కనిపిస్తుంది. అక్కడ రెండు బొటనవేళ్లతో ఒకసారి పడుగు (పొడవు పోగుల) వైపు, ఒకసారి పేక (అడ్డ పోగుల) వైపు లాగండి. టిక్కుమని పోగు తెగిన చప్పుడైతే ఆ భాగం బొంత మూడు పొరల్లో మధ్యదానికే. కొంగు సాధారణంగా గట్టిగా ఉంటుంది కాబట్టి అది పై పొరకు పెట్టుకోండి.

రెండు చీరలు చాలుతాయి. జాకెట్టు గుడ్డ కాకుండా ఐదున్నర మీటర్ల చీర అంటే దాదాపు 216 అంగుళాలు. పన్నా, అంటే వెడల్పు, 45 అనుకుందాం. ఒక్కో చీర నుంచి 84 అంగుళాల ముక్కలు రెండేసి కోయండి, మొత్తం నాలుగు. నాలుగో ముక్కను పొడవునా 15 అంగుళాల పట్టీలు మూడుగా చీల్చి, మిగతా మూడు ముక్కలకూ తలొకటి జోడించండి. కుట్టుకు పోయేది పోగా 59 × 84 అంగుళాల పొరలు మూడు వస్తాయి. మధ్య పొరకు మాత్రం పట్టీ ఎదురు పక్కకు రావాలి. మూడు అతుకులూ ఒకే గీత మీద పడితే అక్కడ తాడులా గట్టిపడి సూది దిగదు, పడుకుంటే వీపుకూ తెలుస్తుంది.

ఒక్కో చీరలో ఇంకా 48 అంగుళాలు మిగిలింది కదా, అందులో ఒక ముక్క అంచు పట్టీకి. బొంత చుట్టుకొలత 286 అంగుళాలు, మూలల మడతకూ ముగింపుకూ ఇంకో 10. రెండున్నర అంగుళాల వెడల్పున 48 అంగుళాల పట్టీలు ఏడు కోసి, ఏటవాలుగా అతికితే సరిపోతుంది. అంచులు తిన్నగానే ఉన్నాయి కాబట్టి నేతకు ఏటవాలుగా క్రాస్ పట్టీ కోసి బట్ట వృథా చేయనక్కర్లేదు.

పిల్లల బొంత అయితే ఇవేవీ అక్కర్లేదు. ఒక చీరను అడ్డంగా మూడు మడతలు వేస్తే 45 × 72 అంగుళాల మూడు పొరలు, అతుకే లేదు. చేయి అలవాటు పడటానికి దీన్ని మించింది లేదు.

ఇక కచ్చా కుట్టు, అంటే పొరలు కదలకుండా వేసి తర్వాత తీసేసే పెద్ద కుట్లు. బొంత బాగా వచ్చేదీ పాడయ్యేదీ ఇక్కడే. ఊడ్చి తుడిచిన గచ్చు మీద అడుగు పొరను తిరగేసి పరచండి. నాలుగు అంచులూ కాస్త బిగువుగా, సాగకుండా, టేపుతో నేలకు అంటించండి. దాని మీద మధ్య పొర, ఆపైన పై పొర. ప్రతి పొరనూ అరచేత్తో నడిమి నుంచి బయటికి నిమరండి. కచ్చా కుట్టు కూడా నడిమి నుంచే మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ వెళ్లాలి, జానెడు కంటే ఎడం ఇవ్వకూడదు. అంచు నుంచి లోపలికి వస్తే పొరల మధ్య వదులంతా నడుమకు చేరి ఉబ్బుగా నిలబడుతుంది, తర్వాత ఏ కుట్టుతోనూ పోదు.

అసలు కుట్టుకు ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారాన్ని మూడేసి పోగులుగా విడదీసి వాడండి. వరసకూ వరసకూ అంగుళం ఎడమైతే 59 వరసలు, ఒక్కోటి 84 అంగుళాలు. అంటే 126 మీటర్లు. దారం పొరల్లోకి దిగి లేచేందుకు పోయేది కలుపుకుంటే 150. ఎనిమిది మీటర్ల చిలప (దారపు చుట్ట) ఒకటి విడదీస్తే 16 మీటర్లు వస్తుంది కాబట్టి పది చిలపలు తెచ్చుకోండి. ఎడం ఒకటిన్నర అంగుళం చేస్తే ఏడు చాలు. సూదికి నాలుగైదు కుట్లు ఎక్కించి లాగడం వచ్చాక ఒక వరస పదిహేను ఇరవై నిమిషాలు. మొత్తం 15 నుంచి 20 గంటలు, అది ఒక్క కుట్టుకే.

దారం మూరన్నర మించి తీసుకోవద్దు. పొడుగు దారం బట్టలో అన్నిసార్లు దూరి నూగు లేచి చిక్కుపడుతుంది. ముడిని పై పొర మీద వదలకుండా, చిన్నగా గుంజి పొరల మధ్యకు దించేయండి. పది కుట్లకోసారి వరసను వేళ్లతో సాగదీసి చూసుకోండి. బొంత ముడుచుకుపోవడానికి అసలు కారణం దారం బిగించి లాగడమే.

---

అల్లికల అరుగు

బొంత సంగతి పైన వచ్చేసింది. స్వెట్టర్ల గురించి చెప్తాను.

విప్పే ముందు లోపలికి తిప్పి పక్క అతుకు చూడండి. అతుకు వెంట అల్లిక కోసేసి, పోగులు ఊడకుండా అంచుకు ఓవర్‌లాక్ చేసి ఉంటే దాన్ని విప్పకండి. థాను కోసి కుట్టిన స్వెట్టర్ అది. ప్రతి వరస చివరా దారం తెగే ఉంటుంది, మీకు దక్కేది రెండు మూరల ముక్కలు. అలాంటిదాన్ని బట్టలాగే కోసి దిండు గలీబు చేసుకోవచ్చు. అతుకు దగ్గర అల్లిక అంచు చెక్కుచెదరకుండా, రెండు గొలుసులు పక్కపక్కన ఉన్నట్టు కనిపిస్తేనే విప్పడానికి పనికొస్తుంది. వేడినీళ్లలో పడి అట్టకట్టిన ఊలు కూడా విప్పుడుకు రాదు.

అతుకు దారం కోసి వెనుక, ముందు, చేతులు విడదీశాక మెడ వైపు నుంచి మొదలుపెట్టండి. ఎక్కువ స్వెట్టర్లు కింది నుంచి పైకి అల్లినవే, చివరి కొస పైన ఉంటుంది. కింది నుంచి లాగితే ప్రతి వరసా చిక్కే. విప్పిన దారాన్ని ఉండ చుట్టకుండా కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో షాంపూ వేసి ముంచండి. నీడలో వేలాడదీసి అడుగున చిన్న బరువు తగిలిస్తే మెలికలు సాగిపోతాయి. మెలికల దారంతోనే అల్లితే కుట్టు కొలత నిలవదు, ఉతికాక సైజు మారిపోతుంది.

ఊలా, అక్రిలిక్కా అని అనుమానమైతే చిన్న ముక్క కాల్చి చూడండి. ఊలు జుట్టు కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరిపోయి, వేళ్ల మధ్య నలిగే బూడిద అవుతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి గుండులా మిగులుతుంది. మన సంతల్లో దొరికేవి ఎక్కువగా అక్రిలిక్కే. పనికి అదేం తక్కువ కాదు, కానీ ఇస్త్రీ మాత్రం తగలకూడదు. ఒక్కసారి వేడి తగిలితే అల్లిక జీవం పోయి జారిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. నిజమైన ఊలు దొరికితే 60 డిగ్రీల ఉతుకు దానికి పనికిరాదు, కుంచించుకుపోతుంది. చిమ్మట పురుగు భయం ఉంటే సంచిలో గాలి లేకుండా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి.

పట్టాకు మీ ఎరుపు చీర పెట్టండి. రంగు పోయినా పట్టాలో పెద్ద నష్టం లేదు. అయితే తడిసిన పట్టాను తెల్ల టైల్స్ మీద మాత్రం వేయకండి. చీర అడ్డం అంచున అంగుళానికో గాటు పెట్టి పొడవునా చింపండి. నూలు నేత పడుగు వెంట తిన్నగా చిరుగుతుంది, కత్తెర కంటే వేగం. 45 పట్టీలు, ఒక్కోటి 216 అంగుళాలు, అంటే 245 మీటర్ల పైచిలుకు. రెండడుగుల గుండ్రటి పట్టాకు అందులో సగం కాస్త దాటుతుంది. మీ చేయి బిగువైతే ఇంకా పడుతుంది. ముడులు వేయకండి, కాలికి గుచ్చుకుంటాయి. రెండు పట్టీల కొసల్లో చిన్న చీలిక పెట్టి, ఒకదాని చీలికలోంచి రెండోదాన్ని దూర్చి, రెండోదాని అవతలి కొసను దాని సొంత చీలికలోంచే లాగితే చదునైన అతుకు పడుతుంది.

8 లేదా 9 మిల్లీమీటర్ల హుక్‌తో దారపు రింగులో ఆరు సింగిల్ క్రోషే కుట్లు వేయండి. ప్రతి చుట్టుకూ ఆరు పెంచుతూ పోవాలి: 12, 18, 24, 30. పెంచే చోటు ప్రతి చుట్టులో ఒకే వరసలో పెడితే ఆరు మూలల పలక అవుతుంది, ఒక చుట్టు తప్పించి ఒక చుట్టు కాస్త పక్కకు జరపండి. పట్టా గిన్నెలా లేస్తుంటే పెంపులు తక్కువయ్యాయి లేదా చేయి బిగుసుకుంది. అంచు అలలు తేలుతుంటే పెంపులు ఎక్కువ. రెండు చుట్లు గడిచాక తెలిసినా విప్పాల్సిందే, ఉతికితే సర్దుకుంటుందనుకోవద్దు.

చీరల నుంచి మిగిలిన రెండో 48 అంగుళాల ముక్కతో ఇదే పద్ధతిలో పదిహేను అంగుళాల లోపు కుర్చీ పట్టా వస్తుంది. ఇంకా ఓపికుంటే దిండు గలీబుకు లేసు అంచు. నర్సాపురం వైపు సన్నటి నూలు దారంతో అల్లే క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి సన్నటి స్టీలు హుక్ కావాలి, పట్టా హుక్ పనికిరాదు. నెలలో ఇది చివర పెట్టుకోండి.

---

కుట్టుపెట్టె

చాలా థాంక్స్ అండీ. మూడు అనుమానాలు. బొంత మిషన్ మీద కుడితే 20 గంటలు ఆదా కదా? ఎరుపు చీర రంగు నిలవడానికి ఉప్పునీళ్లలో నానబెడితే సరిపోతుందని చాలామంది అంటారు, నిజమేనా? పట్టుచీరను బొంత పై పొరకు వాడొచ్చా?

---

తొక్కుడు మిషన్

మిషన్ మీద కుట్టొచ్చు, కానీ 20 గంటలు ఆదా కావు. సూది కింది పళ్లు అడుగు పొరను లాగుతాయి, ఫుట్ (బట్టను పైనుంచి నొక్కిపట్టే పాదం) పై పొరను కదలనివ్వక ఆపుతుంది. అరవై వరసలు తిరిగేసరికి పై పొర ఒక చివర రెండంగుళాలు మిగులుతుంది, మధ్యలో మడతలు పడతాయి. మామూలు మిషన్‌కు తగిన మార్గం: ఫుట్ ఒత్తిడి మర తగ్గించి, కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్ల పైన పెట్టి, కచ్చా కుట్టును జానెడు నుంచి నాలుగు వేళ్ల ఎడానికి దగ్గర చేయడం. వరసలన్నీ ఒకే దిశలో వెళ్లాలి. ఒకటి కిందికి, ఒకటి పైకి కుడితే వరసల మధ్య బట్ట ఏటవాలుగా మెలితిరుగుతుంది. సగం బొంతను చుట్టచుట్టి మిషన్ చేయి కింద దూర్చాలి, బరువు కిందికి వేలాడకుండా పక్కన బల్ల ఉండాలి. ఇవన్నీ చేస్తే మిషన్ బొంత పది గంటల పని. పడుకోవడానికి మాత్రం చేతి కుట్టు బొంతే మెత్తన. నా సలహా, అంచు పట్టీ ఒక్కటే మిషన్ మీద.

పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, కొస అంచు బొంత అంచుకు కలిసేలా పైవైపు కుట్టండి. మూలకు పావు అంగుళం ముందే ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి దించి రెండో వైపు మొదలుపెడితే మూల కోసుగా వస్తుంది. వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్.

జీన్సు సంగతి. మొదట సాగే జీన్సా, గట్టి జీన్సా చూడండి. సాగేదానికి మామూలు సూది కుట్లు వదిలేస్తుంది, దానికి బాల్ పాయింట్ సూది కావాలి. గట్టిదానికి 16 నంబరు. జాకెట్టు గుడ్డ కుట్టే 11 నంబరు సూదితో దిగితే మొదటి అతుకు దగ్గరే విరుగుతుంది. సంచికి తొడ భాగం నుంచి 16 × 15 అంగుళాల ముక్కలు రెండు, లోపల అస్తరుకు చొక్కా వెనుక భాగం నుంచి అదే కొలతవి రెండు. పిడులకు 22 × 4 పట్టీలు రెండు, నాలుగు మడతలు వేస్తే అంగుళం వెడల్పు. అడుగు మూలల్లో రెండంగుళాల చదరపు ముక్క కోసేసి, ఆ చీలికను ఎదురు దిశలో మూసి కుడితే సంచికి కూర్చునే అడుగు వస్తుంది.

పిడి అతికే చోట జీన్సు పొరలు ఆరేడు అవుతాయి, ఇంటి మిషన్ మొరాయించేది అక్కడే. అతుకును చెక్క మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టండి, పలచబడుతుంది. ఫుట్ ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేచి కుట్లు ఒకేచోట గుత్తిపడతాయి. ఫుట్ వెనుక అదే మందం గుడ్డ మడత పెట్టి ఎత్తు సమం చేస్తే సాఫీగా దాటుతుంది. ఆ నాలుగు కుట్లూ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి. రాగి రివెట్ల దగ్గర అర అంగుళం దూరం వదిలి కోయండి.

---

అంచు నుంచి నడుమకు

ఒక మాట కలుపుతాను. నడిమి నుంచి బయటికి అన్నది ముందే పరిచిన పొరలకు. టైలరు షాపు ముక్కలు సంచెడు ఉన్నాయన్నారు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, యల్లాపుర వైపు సిద్ధి తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే ముక్కల బొంత అది. అడుగున ఒక చీర పరచి, ఒక మూల నుంచి అంచు వెంట ముక్కలు పెడుతూ, కుడుతూ, చుట్టూ తిరిగి నడుమకు చేరతారు. ముక్కలు ముందుగా అతకరు. ప్రతి ముక్క అంచునూ లోపలికి మడిచి, పక్క ముక్క మీద కాస్త ఎక్కించి, రన్నింగ్ కుట్టు వేసుకుంటూ పోతారు. అంచు మడత కూడా అప్పుడే అయిపోతుంది కాబట్టి పట్టీ అవసరం లేదు. నాలుగు మూలలకూ మడతపెట్టిన చిన్న ముక్కలతో పువ్వులు కుడతారు, అవి లేకపోతే బొంత బోసిపోయినట్టే.

ఇక్కడ ఉబ్బు సమస్య ఎందుకు రాదంటే, వదులు ఎక్కడికక్కడ తర్వాతి ముక్క కింద సర్దుకుంటుంది. కానీ జాకెట్టు కత్తిరింపుల్లో టూ బై టూ నూలు, పాలిస్టరు అస్తరు, పట్టు బార్డర్లు కలిసి ఉంటాయి. నూలువి మాత్రమే ఏరుకోండి. అరచేయి కంటే చిన్న ముక్కల్ని వాడకండి, మడతకే సగం పోతుంది. 30 × 30 అంగుళాలతో మొదలుపెడితే పది పన్నెండు గంటల పని.

---

పేలికల బుట్ట

ఉప్పు సంగతి. బట్టకు అద్దకం వేసేటప్పుడు రంగు నూలులోకి ఎక్కడానికి ఉప్పు సాయం చేస్తుంది. వేసేసిన రంగును పట్టి ఉంచడం దాని వల్ల కాదు. తెల్లగుడ్డను తడిపి చీర మీద ఇరవైసార్లు రుద్దండి. ఎరుపు అంటితే చీరను నాలుగైదుసార్లు విడిగా, నీళ్లు తేటపడేదాకా ఉతకండి. అప్పటికీ అంటితే బొంత జోలికి తేకండి. అల్లికల అరుగు గారు చెప్పినట్టు పట్టాకే పంపండి.

పట్టుచీర బొంతకు వద్దు. మడతల దగ్గర చిట్లిందంటే పట్టు పోగుల్లో బలం పోయింది. సూది దిగిన ప్రతి చోటా కొత్త చీలిక మొదలవుతుంది, ఉతుకు అసలే తట్టుకోదు. అసలు జరీ అయితే దాన్ని తూకానికి కొనేవాళ్లుంటారు, కత్తెర పెట్టకముందే ఇద్దరు ముగ్గురిని అడగండి. ఉంచుకోవాలనుకుంటే బార్డరు మాత్రం విడదీసి, వెనుక పలచటి నూలు గుడ్డ వేసి, నీళ్లు తగలని వాటికి, అంటే గోడ తోరణానికో, నగల సంచికో వాడండి.

మిషన్ గురించి నాదీ అదే మాట, కాకపోతే చేతికి నొప్పి ఉన్నవాళ్లు మొహమాటపడకుండా మిషన్ మీదే కుట్టుకోవచ్చు. బొంత అందుకోసమే కదా.

నెల సర్దుబాటు ఇలా చూడండి. మొదటి మూడు రోజులు ఉతుకు, కోత, స్వెట్టర్ విప్పి తడపడం. ఊలు ఆరేలోపు కచ్చా కుట్టు అయిపోతుంది. అక్కణ్నుంచి రోజూ గంట బొంత, అరగంట పట్టా. రెండూ కూర్చుని చేసేవే అయినా వేలి కదలిక వేరు, మణికట్టు అలసిపోదు. జీన్సు సంచి ఒక ఆదివారం పని, రోజూ అరగంట ముక్కలుగా చేస్తే మిషన్ దారం మార్చడానికే టైము పోతుంది. విప్పిన ఊలును చివరి వారంలో పట్టుకోండి.

పూర్తయిన బొంతను ఉతికినప్పుడు ఒక్క తీగ మీద మడిచి వేయకండి. తడి బరువుకు మడత దగ్గర కుట్లు సాగి, వరసలు వదులవుతాయి. పక్కపక్కన ఉన్న రెండు తీగల మీద ఎడంగా పరచండి, క్లిప్పులు అక్కర్లేదు.

---

కుట్టుపెట్టె

రుద్ది చూశాను, తెల్లగుడ్డ గులాబీ రంగు తేలింది. ఎరుపు పట్టాకే. స్వెట్టర్లలో ఒకటి ఓవర్‌లాక్, రెండు విప్పడానికి వచ్చేవే. గంజి చీర ఇంకా నానుతోంది.

---

అల్లికల అరుగు

ఆ రెండూ వేర్వేరు మందాలైతే కలిపి అల్లకండి. సన్నదాన్ని రెండు పోగులు కలిపి, లావుదాన్ని ఒక్క పోగుతో, చెరో చిన్న చదరం పది కుట్లతో వేసి కొలవండి. వెడల్పు సరిపోతే అప్పుడు ఒకే పనిలో వాడొచ్చు.